ఆయిల్ కంపెనీ షేరా, డాబా మీద సోలారా? బెజవాడ, గుంటూరు ఇళ్లకు ఒక లెక్క

సోలార్ మాట ఎత్తితే చాలు, ఈ మధ్య ఒక అనుమానం ఎదురవుతోంది. "బీపీ, షెల్ లాంటి చమురు కంపెనీలవాళ్లే సోలార్ తగ్గించుకుని మళ్లీ చమురు వైపు పోతున్నారట కదండీ. అంత డబ్బు, అంతమంది ఇంజినీర్లు ఉన్నవాళ్లకే గిట్టనిది మనకేం గిట్టుద్ది?" అని. అడగాల్సిన ప్రశ్నే. వార్త కూడా నిజమే. కాకపోతే ఆ వార్త చూసి వెనకడుగు వేయడం సరికాదు. చమురు కంపెనీకి సోలార్ ఎందుకు గిట్టదో తెలిస్తే, నెలకు మూడు నాలుగు వందల యూనిట్లు కాల్చే ఇంటికి అదే సోలార్ ఎందుకు గిట్టుతుందో కూడా తెలుస్తుంది. రెండింటికీ కారణం ఒకటే.

చేతిలో డెబ్భై ఎనభై వేలో, లక్షో ఉండి, "ఈ కరెంటు వ్యాపారంలో మనమూ ఎక్కడో ఒకచోట ఉండాలి" అనుకునేవాళ్లకు మూడు దారులు కనిపిస్తాయి. సోలార్‌లోకి కూడా వస్తున్నామని చెప్పే ఆయిల్ కంపెనీ షేర్లు కొనడం ఒకటి. అచ్చంగా సోలార్ చేసే కంపెనీల షేర్లు కొనడం రెండోది. సొంత డాబా మీద ప్యానెళ్లు వేయించుకోవడం మూడోది. నా మొగ్గు మూడోదాని వైపే. అయితే అందరికీ కాదు. ఎవరికి కాదో కూడా చెబుతాను.

చమురువాళ్లకు సోలార్ కొత్త కాదు

నేలమీద వాడే సోలార్‌ను చవక చేసిందే ఒక చమురు కంపెనీ డబ్బు. 1973లో ఎక్సాన్ అండతో అమెరికాలో సోలార్ పవర్ కార్పొరేషన్ మొదలైంది. ఇలియట్ బర్మన్ అనే శాస్త్రవేత్త అక్కడ వాటుకు 100 డాలర్ల దగ్గరున్న ధరను 20 డాలర్ల దాకా దించాడు. తొలి కొనుగోలుదారులు కూడా చమురువాళ్లే. సముద్రంలోని చమురు ప్లాట్‌ఫారాల మీద హెచ్చరిక దీపాలకు బ్యాటరీలు మోసుకెళ్లి మార్చడం కంటే ప్యానెల్ పెట్టడమే నయమని వాళ్లకు తేలింది. ఆర్కో అనే మరో చమురు సంస్థ 1977లో సోలార్‌లోకి దిగి, కాలిఫోర్నియాలో మెగావాట్ల స్థాయి ప్లాంట్లు కట్టింది. 1990 నాటికి ఆ వ్యాపారాన్ని సీమెన్స్‌కు అమ్మేసింది. ఎక్సాన్ కూడా 1980లలోనే తప్పుకుంది.

మనకు బాగా తెలిసిన పేరు టాటా బీపీ సోలార్. 1989లో మొదలైన ఈ ఉమ్మడి సంస్థ పేరు పాత సోలార్ వీధి దీపాల మీద, వాటర్ హీటర్ల మీద చూసినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. బీపీ 2000లో తన గుర్తునే సూర్యుడిలా మార్చుకుంది. అదే బీపీ 2011 చివర్లో సోలార్ విభాగాన్ని మూసేసింది. భారత్‌లోని వాటాను టాటా పవర్ తీసుకుంది. 2017లో లైట్‌సోర్స్ అనే సోలార్ సంస్థలో 43 శాతం వాటా కొని బీపీ మళ్లీ వచ్చింది, 2024కల్లా దాన్ని పూర్తిగా సొంతం చేసుకుంది. 2025 ఫిబ్రవరిలో మళ్లీ దిశ మారింది. చమురు, గ్యాస్ మీద ఏడాదికి 1,000 కోట్ల డాలర్లు పెడతామని, స్వచ్ఛ ఇంధనాల పద్దును 150–200 కోట్ల డాలర్లకు కుదిస్తామని ప్రకటించింది. షెల్ కథా ఇలాంటిదే. సీమెన్స్ నుంచి సోలార్ తయారీని తీసుకుని, 2006లో ముఖ్య భాగాన్ని అమ్మేసి, 2022లో మన దేశంలోని స్ప్రంగ్ ఎనర్జీని 155 కోట్ల డాలర్లకు కొంది.

వచ్చారు, వెళ్లారు, మళ్లీ వచ్చారు. అంటే వీళ్లెవరికీ సోలార్ తెలియక కాదు, టెక్నాలజీ పనిచేయకా కాదు.

ఎందుకు నిలవరు

మొదటి కారణం రాబడి. చమురు, గ్యాస్ మీద 15 నుంచి 20 శాతం రాబడి ఆశిస్తామని, సోలార్, గాలి విద్యుత్తు మీద అప్పు తెచ్చి పెట్టడం వల్ల పెరిగే లాభం కలపకుండా 6 నుంచి 8 శాతం వస్తే చాలనుకుంటామని బీపీయే 2023లో వాటాదారులకు చెప్పింది. ఒకే పెట్టె నుంచి డబ్బు తీయాల్సి వచ్చినప్పుడు ఆ కంపెనీ బోర్డు ఎటు చూస్తుందో ఊహించడం కష్టం కాదు. ఏటా డివిడెండ్ కోసం చూసే పెన్షన్ ఫండ్లు వెనకాల కూర్చుని ఉంటాయి.

రెండోది ధర తీరు. చమురు ధర ఎగురుతుంది, పడుతుంది. 2020 ఏప్రిల్ 20న అమెరికాలో చమురు ఫ్యూచర్స్ (ముందస్తు ఒప్పందాల) ధర సున్నా కంటే కిందకి పోయింది. రెండేళ్లు తిరిగేసరికి, రష్యా యుక్రెయిన్ మీద యుద్ధానికి దిగాక, పీపా 120 డాలర్లు దాటింది. నష్టం వచ్చినా ఓర్చుకుని, ఎగిరిన ఏడాది కుమ్ముకోవడం వాళ్లకు అలవాటైన బేరం. సోలార్‌లో ఆ ఎగురుడు ఉండదు. పాతికేళ్లకు ఒకే రేటు అని ఒప్పందం రాసుకుంటారు. మన దేశంలో రాజస్థాన్‌లోని భడ్లా వేలంలో 2017లోనే యూనిట్ రేటు రూ.2.44కు దిగింది. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో రూ.1.99 దాకా వెళ్లింది. ఆ రేటుకు అమ్మి లాభం చూసుకోవాలంటే చవకగా అప్పు తెచ్చుకోవడం, చవకగా కట్టడం తెలియాలి. భూమి పొరల్లో చమురు వెతికే నేర్పు అక్కడ అక్కరకు రాదు. సముద్రంలో డ్రిల్లింగ్ చేసే ఇంజినీరుకు రాజస్థాన్ ఇసుకలో చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు.

మూడోది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. ప్యానెల్ ధర పడిపోతూనే ఉంది. 2008 ప్రాంతంలో వాటుకు 4 డాలర్ల దగ్గరున్న ప్యానెల్ 2012కల్లా డాలరు కిందకు వచ్చింది. ఇప్పుడు ప్రపంచ మార్కెట్లో ఆ డాలరులో పదో వంతు దగ్గర ఆడుతోంది. తయారీలో అన్ని దశల్లోనూ 80 శాతానికి పైగా చైనాదే. ఏటా చవకయ్యే సరుకు తయారు చేసేవాడికి ఈ ఏడాది కట్టిన ఫ్యాక్టరీ మూడేళ్లకే పాతబడుతుంది. ఫ్రాన్స్ చమురు సంస్థ టోటల్ 2011లో సుమారు 138 కోట్ల డాలర్లు పెట్టి అమెరికా సోలార్ సంస్థ సన్‌పవర్‌లో 60 శాతం తీసుకుంది. ఆ సన్‌పవర్ 2024 ఆగస్టులో దివాలా పిటిషన్ వేసింది. మంచి ప్యానెళ్లకు పేరున్న సంస్థ అది.

ఇక్కడే ఆగి ఆలోచించండి. ధర పడిపోతే తయారీదారు పోగొట్టుకున్న డబ్బు ఎక్కడికి పోయింది? కొన్నవాడి దగ్గరకు వచ్చింది. సోలార్‌లో లాభం తయారు చేసేవాడి దగ్గర నిలవదు, వాడుకునేవాడి దగ్గరికి చేరుతుంది. చమురులో ఇందుకు వ్యతిరేకం. బావి ఉన్నవాడిదే పైచేయి, బంకు దగ్గర నిలబడ్డవాడు అడిగినంత ఇచ్చుకోవాల్సిందే.

ఇంకో మాట కూడా చెప్పాలి. మన దేశంలో సోలార్ పోటీ పడుతున్నది పెట్రోల్‌తో కాదు, బొగ్గుతో. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రం 2,560 మెగావాట్లూ బొగ్గు మీద నడిచేవే. డాబా మీద ప్యానెల్ పెడితే తగ్గేది ఆ కరెంటు వాడకం. కొండపల్లి ఆయిల్ టెర్మినల్ నుంచి బయల్దేరే ట్యాంకర్ల సంఖ్య తగ్గదు. బండ్లు కరెంటు మీద నడవడం పెరిగినప్పుడే చమురు కంపెనీకి సెగ తగులుతుంది. అందుకే వాళ్లలో చాలామందికి సోలార్ ఇంకా అత్యవసరంగా కనిపించడం లేదు. 2022లో ప్రపంచవ్యాప్తంగా స్వచ్ఛ ఇంధనాల మీద పెట్టిన పెట్టుబడిలో చమురు, గ్యాస్ కంపెనీల వాటా 1 శాతమేనని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కగట్టింది. ఆ ఒక్క శాతంలోనూ సగానికి పైగా నాలుగే కంపెనీలది.

పెడుతున్నవాళ్లు ఎందుకు పెడుతున్నారు

గల్ఫ్ దేశాల లెక్క సూటిగా ఉంటుంది. సౌదీలో వేసవిలో ఏసీల కోసం చమురే కాల్చి కరెంటు తీస్తారు. ఆ పని సోలార్‌తో జరిగితే మిగిలిన చమురు ఎగుమతి చేసుకోవచ్చు. అందుకే 1,500 మెగావాట్ల సుదైర్ ప్లాంటులో ఆ దేశ చమురు సంస్థ ఆరామ్‌కో వాటా తీసుకుంది. అబుదాబి 2006లోనే మస్దార్ అనే స్వచ్ఛ ఇంధన సంస్థను పెట్టింది. అమెరికాలో సోలార్ వ్యాపారం చేయని ఎక్సాన్ కూడా 2018లో టెక్సాస్ చమురు క్షేత్రాల కోసం సోలార్, గాలి కరెంటు 500 మెగావాట్లు కొనేలా ఒప్పందం చేసుకుంది. గమనించారా, సోలార్ అమ్మడం ఇష్టం లేని కంపెనీ సోలార్ కరెంటు కొనుక్కోవడానికి ముందుకొచ్చింది.

మన ప్రభుత్వ రంగ సంస్థలకు ఇంకో రకం కారణాలున్నాయి. దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతే. దేశం పెట్టుకున్న లక్ష్యాలు ఓఎన్‌జీసీ, ఇండియన్ ఆయిల్ భుజాల మీద కూడా ఉంటాయి. ఇండియన్ ఆయిల్ 2046కల్లా నెట్ జీరో (కర్బన ఉద్గారాలు నికరంగా సున్నా) అంటోంది. రాజమండ్రి కేంద్రంగా మన కేజీ బేసిన్‌లో బావులు నడిపే ఓఎన్‌జీసీ, ఎన్‌టీపీసీ గ్రీన్‌తో కలిసి 2025లో అయానా రెన్యూవబుల్ అనే స్వచ్ఛ విద్యుత్ సంస్థను సుమారు రూ.19,500 కోట్ల విలువ కట్టి కొంది. పాత బావుల్లో ఉత్పత్తి తగ్గుతున్న సంస్థ ఇంకో ఆదాయం వెతుక్కోవడం సహజమే. రిలయన్స్ దారి వేరు. 2021లో రూ.75,000 కోట్ల ప్రణాళిక ప్రకటించి, ఆర్‌ఈసీ సోలార్ అనే ప్యానెళ్ల సంస్థను 77.1 కోట్ల డాలర్లకు కొని, జామ్‌నగర్‌లో తయారీ మీదే గురిపెట్టింది. చైనా సరుకు మీద సుంకాలు ఉన్నంతకాలం ఆ లెక్క నిలబడుతుందని వాళ్ల నమ్మకం.

షేర్ల దారి

ఆయిల్ కంపెనీ షేరు కొంటే చమురు ధర మీద, ప్రభుత్వ విధానం మీద పందెం కాస్తున్నట్టే. సోలార్ మీద కాదు. ఓఎన్‌జీసీ, ఇండియన్ ఆయిల్ షేర్లను డివిడెండ్ కోసం కొనేవాళ్లున్నారు, అందులో తప్పులేదు. రిస్కు మాత్రం తెలుసుకుని కొనాలి. 2022లో అంతర్జాతీయ ధర పెరిగినా బంకుల్లో ధర ఆ మేరకు పెరగలేదు. ఆ ఏడాది ఏప్రిల్–జూన్ మూడు నెలల్లో ఇండియన్ ఆయిల్, బీపీసీఎల్, హెచ్‌పీసీఎల్ మూడూ నష్టం చూపించాయి. ఒక్క హెచ్‌పీసీఎల్ నష్టమే పది వేల కోట్లు దాటింది. అదే జులైలో చమురు తవ్వే కంపెనీల మీద విండ్‌ఫాల్ పన్ను (అనుకోకుండా కలిసొచ్చిన లాభం మీద వేసే పన్ను) పడింది. "గ్రీన్" అనే మాట ఉన్న ప్రకటన చూసి వీటిని కొనడం మాత్రం వద్దు. వాటి లాభంలో సోలార్ వాటా నామమాత్రం.

అచ్చమైన సోలార్ కంపెనీలు రెండు రకాలు. ప్యానెళ్లు చేసేవి, కరెంటు అమ్మేవి. మొదటి రకానికి పైన చెప్పిన ధరల పతనం ముప్పు ఉంది. దిగుమతి సుంకం కాపాడినన్నాళ్లు లాభాలు బాగుంటాయి, అది తగ్గితే అంతే వేగంగా కరుగుతాయి. రెండో రకానికి ఒప్పందాల ముప్పు. దీనికి ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. 2019లో రాష్ట్ర ప్రభుత్వం పాత సోలార్, గాలి విద్యుత్తు కొనుగోలు ఒప్పందాల రేట్లను తిరగదోడాలని చూసింది. కేసు హైకోర్టుకు వెళ్లింది. ఒప్పందంలో రాసుకున్న రేటే చెల్లించాలని 2022 మార్చిలో తీర్పు వచ్చింది. రేటు ఎక్కువా తక్కువా అన్న వాదన పక్కన పెట్టినా, పాతికేళ్ల ఒప్పందం కూడా మధ్యలో కదలొచ్చని పెట్టుబడిదారులందరూ ఆనాడు చూశారు. ఈ దారిలో వెళ్లాలనుకుంటే ఒక్క షేరు పట్టుకోకుండా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టుకోవడం మేలు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు దాదాపుగా మిగిలేది ఇదే.

డాబా లెక్క

కంపెనీ సోలార్ కరెంటును రెండున్నర రూపాయల దగ్గర అమ్ముకోవాలి. మీరు అమ్మక్కర్లేదు. కరెంటు ఆఫీసు దగ్గర కొనడం మానేస్తే చాలు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన గృహ స్లాబులు ఇవి: 30 యూనిట్ల దాకా రూ.1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75. ప్యానెల్ ముందుగా మిగిల్చేది పై స్లాబు యూనిట్లనే. అంటే అదే యూనిట్‌కు కంపెనీకి రెండున్నర వస్తే మీకు ఎనిమిది ముప్పావు మిగులుతుంది. రాబడి తేడా అంతా ఇందులోనే ఉంది.

బెజవాడలో కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు అనుకోవచ్చు. 2 కిలోవాట్లంటే నెలకు 240. కొటేషన్ రూ.1,30,000 అనుకుందాం. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద కిలోవాట్‌కు 30 వేల చొప్పున 60 వేలు సబ్సిడీ వస్తే, చేతి నుంచి పడేది 70 వేలు. మూడో కిలోవాట్‌కు మరో 18 వేలు ఇస్తారు. మొత్తం సబ్సిడీ 78 వేలు మించదు.

ఏడాది పొడుగునా నెలకు 400 యూనిట్లు కాల్చే ఇంటికి యూనిట్ల ఖర్చు రూ.2,548. నెట్ మీటరు (డాబా నుంచి లైన్‌లోకి వెళ్లిన యూనిట్లను బిల్లులోంచి తీసేసే మీటరు) లెక్కలో 240 తీసేస్తే మిగిలిన 160కి రూ.627. నెలకు 1,900 పైన మిగులు, ఏడాదికి దాదాపు 23 వేలు. మూడేళ్లు దాటాక పెట్టిన డబ్బు వెనక్కి వచ్చేస్తుంది. అదే 70 వేలు బ్యాంకు డిపాజిట్‌లో 7 శాతానికి వేస్తే ఏడాదికి 4,900. ఎండాకాలం నాలుగు నెలలు మాత్రం 400, మిగతా నెలల్లో 200 కాల్చే ఇల్లయితే ఏడాది మిగులు 14–15 వేలకు తగ్గుతుంది, సుమారు అయిదేళ్లు పడుతుంది. అదీ మంచి బేరమే. ఫిక్స్‌డ్ చార్జీల లాంటివి ఎలాగూ పోవు, వాటిని ఈ లెక్కలో కలపలేదు.

నెలకు 100 యూనిట్లే కాల్చే ఇంటికి యూనిట్ల ఖర్చు రూ.305 మాత్రమే. మొత్తం మాయమైనా ఏడాదికి 3,600 మిగులుతుంది. కిలోవాట్ పెట్టినా డబ్బు వెనక్కి రావడానికి దాదాపు పదేళ్లు. ఇలాంటి ఇంట్లో సొంత డబ్బు పెట్టి ఇప్పుడే వేయించుకోమని నేను చెప్పను. ఏసీ కొనే ఆలోచనో, ఎలక్ట్రిక్ స్కూటర్ కొనే ఆలోచనో ఉంటే మళ్లీ లెక్క వేయండి. వంద కిలోమీటర్లకు పెట్రోల్ స్కూటర్ రెండు లీటర్లు తాగితే, ఎలక్ట్రిక్ బండి మూడు యూనిట్లతో సరిపెడుతుంది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల దాకా ఉచితంగా పెట్టే రాష్ట్ర పథకం ఉంది. అర్హత ఉన్నవాళ్లు ముందు సీపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో అడగండి.

అపార్ట్‌మెంట్లలో డాబా అందరిదీ కాబట్టి విడిగా పెట్టుకోవడం గొడవలతో కూడిన పని. లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్ల లైట్ల మీటరుకు అసోసియేషన్ తరఫున పెట్టించుకుంటే కిలోవాట్‌కు 18 వేల సబ్సిడీ ఉంది. బెంజ్ సర్కిల్ నుంచి పటమట దాకా, ఇటు బ్రాడీపేట, లక్ష్మీపురంలలో ఉన్న అపార్ట్‌మెంట్ల మెయింటెనెన్సు ఖర్చులో ఈ మీటరుది చిన్న భాగం కాదు. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల సంగతి ఇంకా స్పష్టం. పగలంతా కంప్రెసర్లు తిరుగుతాయి, విశాలమైన పైకప్పు ఖాళీగా ఉంటుంది. సబ్సిడీ లేకపోయినా ముందు ఇక్కడే లెక్క చూడాలి. రేకుల కప్పు బరువు మోస్తుందో లేదో ఇంజినీరుతో రాయించుకున్నాకే.

మన ఊళ్లకు ప్రత్యేకమైనవి కొన్ని ఉన్నాయి. మేలో ఎండ ఎక్కువ కాబట్టి కరెంటు కూడా అంతే ఎక్కువ వస్తుందనుకోకండి. ప్యానెల్ 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. మన డాబాల మీద ప్యానెల్ 60 డిగ్రీలు దాటి కాగుతుంది, అంటే పదో వంతుకు పైగా తరుగు. కింద గాలి ఆడేలా ఎత్తు ఉంచాలి. దక్షిణం ముఖంగా 15 డిగ్రీల వాలు మన అక్షాంశానికి సరిపోతుంది. ఒరుగులు, మిర్చి, వడియాలు ఎండబెట్టుకునే చోటు పోకూడదంటే తలెత్తుకు నడిచేలా స్టాండు కట్టించుకోవాలి. ఖర్చు పెరుగుతుంది, తుపాను గాలికి తట్టుకునే బోల్టింగ్ కూడా అవసరమవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల కింది అంతస్తులు మునగడం మనం చూశాం. ప్యానెల్ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌ను కింద మీటరు పక్కన బిగిస్తామంటే ఒప్పుకోకండి, మొదటి అంతస్తులోనో మెట్ల గది పైనో పెట్టించండి.

చాలామంది పొరబడేది ఇంకొకటి ఉంది. మామూలు సోలార్ కరెంటు పోయినప్పుడు పనిచేయదు. లైన్ మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోతుంది. కోతలప్పుడూ కావాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ పెట్టించాలి. అప్పుడు పైన వేసిన లెక్కంతా మారిపోతుంది. అవసరానికి మించి పెద్దది పెట్టించి మిగులు అమ్ముకుందామనే ఆలోచనా వద్దు. మిగులు యూనిట్‌కు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఇచ్చేది మీరు కొనే రేటు కంటే బాగా తక్కువ. అప్పుడు మీరూ ఆ చమురు కంపెనీ నిలబడ్డ చోటే నిలబడతారు.

కొటేషన్ తీసుకునేటప్పుడు ప్యానెల్ తయారీదారు పేరు, మోడల్, అది సబ్సిడీకి తప్పనిసరైన దేశీయ సెల్స్‌తో చేసిందా కాదా, స్టాండు ఎత్తు, ఇన్వర్టర్ వారంటీ ఎన్నేళ్లు, నెట్ మీటరు పని ఎవరు చూస్తారు అన్నవన్నీ కాగితం మీద రాయించండి. గత ఏడాది పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టి, కనీసం ముగ్గురి దగ్గర ధర అడగండి. బిల్లులు చూడకుండా "మీకు మూడు కిలోవాట్లు వేసేద్దామండీ" అనేవాళ్లను అక్కడే పంపించేయండి.